గృహహింస మీద డాక్యుమెంటరీ తీస్తున్నాం, ఎక్కడో తేడా కొడుతోంది – సలహా కావాలి

స్వప్న_హన్మకొండ | సెప్టెంబర్ 3

అందరికీ నమస్తే. మాస్ కమ్యూనికేషన్ రెండో ఏడాది చదువుతున్నాను. మేం ముగ్గురం కలిసి గృహహింస మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నాం. స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజు ఉంది కదా, నవంబర్ 25, ఆ రోజు మొదటి షో. అక్కణ్ణుంచి డిసెంబర్ 10 దాకా నడిచే పదహారు రోజుల ప్రచారంలో ఇంకో మూడు ఊళ్లలో వేద్దామని ప్లాన్. చేతిలో ఉన్నది నలభై వేలు, ఒక కెమెరా, సీనియర్ని బతిమాలి తెచ్చుకున్న రెండు లైట్లు.

ఇప్పటిదాకా అనుకున్నది ఇదీ: అయిదుగురు బాధితులతో ఇంటర్వ్యూలు. ముఖాలు బ్లర్ చేస్తాం, గొంతు మారుస్తాం. మధ్యమధ్యలో లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. చివర్లో మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ వేస్తాం. బ్యాక్‌గ్రౌండ్‌లో ఫ్లూట్.

మా గైడ్ సార్ స్క్రిప్ట్ చదివి "బాగానే ఉంది గానీ ఇది ఇంతకుముందే చూసేసినట్టుంది" అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్. ఎక్కడ తప్పు చేస్తున్నామో మొహమాటం లేకుండా చెప్పండి.

మైక్_మూర్తి | సెప్టెంబర్ 3

అమ్మా, ముందు ఆ ఫ్లూట్ తీసెయ్యి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

జోక్ చేయడం లేదు. ఇరవై రెండేళ్లుగా సౌండ్ పని చేస్తున్నాను. ఏడుపు దృశ్యం కింద ఫ్లూట్ పెట్టారంటే, చూసేవాళ్లకి "ఇక్కడ జాలిపడండి" అని చీటీ రాసిచ్చినట్టే. జాలిపడి ఇంటికెళ్లిపోతారు.

రెండోది, బ్లర్. తర్వాత బ్లర్ చేద్దాంలే అని ముఖం తీస్తారు. అసలు ఫుటేజ్‌లో ఆ ముఖం అలాగే ఉంటుంది. మెమరీ కార్డు నుంచి హార్డ్ డిస్క్, అక్కణ్ణుంచి ఎడిటర్ ల్యాప్‌టాప్, అక్కణ్ణుంచి అతని రూమ్మేట్ కళ్లకి. దాచాల్సిన ముఖాన్ని అసలు తీయకండి, అంతే.

మూడోది, గొంతు. పిచ్ మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. మనిషిని పట్టిచ్చేది పిచ్ కాదు. ఊతపదం, ఆగే చోటు, "అంటే మరి" అని లాగే తీరు. ఇంట్లోవాళ్లు రెండు వాక్యాల్లో పోల్చేస్తారు. ఆమె చెప్పింది రాసుకుని, ఆమెకే చదివి వినిపించి, ఒప్పుకున్నాక వేరే ఎవరితోనైనా చెప్పించండి. ఆ సంగతి తెర మీద కూడా వేయండి, దాచక్కర్లేదు.

ఇంకోటి. ఆమె ఫోన్‌కి క్లిప్ పంపొద్దు. చాలా ఇళ్లలో భార్య ఫోన్‌లో మెయిల్ అకౌంట్ తెరిచింది భర్తే, పాస్‌వర్డూ ఆయనదే. ఫొటోలూ వీడియోలూ ఆ అకౌంట్‌లోకి బ్యాకప్ అయ్యేలా ఉంటే, ఈమె ఫోన్లోకి వచ్చిన వీడియో ఆయన ఫోన్లో కూడా కనిపించొచ్చు. ఇది చాలామందికి తట్టదు.

పాత_చిక్కడపల్లి | సెప్టెంబర్ 4

స్వప్నా, మీ సార్ "చూసేసినట్టుంది" అన్నారన్నావు. నువ్వు చూడాల్సిన సినిమా ఒకటి మన భాషలోనే ఉంది. 'ఇది కథ మాత్రమేనా', 1983. దీపా ధన్‌రాజ్, నవ్రోజ్ కాంట్రాక్టర్ వాళ్ల యుగాంతర్ బృందం, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కలిసి తీశారు. బ్లాక్ అండ్ వైట్. అరగంట కూడా ఉండదు.

నిక్కచ్చిగా మాట్లాడితే అది డాక్యుమెంటరీ కాదు. అదే బృందం అంతకుముందు పుణెలో ఇళ్లల్లో పనిచేసేవాళ్ల మీద, నిపాణిలో పొగాకు కార్మికుల మీద తీసినవి డాక్యుమెంటరీలు. ఫ్యాక్టరీ గేటు ముందు కెమెరా పెట్టొచ్చు. సమ్మె జరుగుతుంటే తీయొచ్చు. ఇంట్లో చెయ్యి లేచినప్పుడు కెమెరా ఎక్కడ పెడతావు? అందుకని ఆడవాళ్ల అనుభవాలన్నీ కూర్చుని మాట్లాడుకుని, వాటిలోంచి ఒక కథ అల్లారు. ఒక పెళ్లయిన అమ్మాయి, ఆ ఇల్లు, ఒక స్నేహితురాలు. పేరే ఒక ప్రశ్న, చూడు.

అప్పటి రోజులు మీకు చెప్పాలి. భర్త పెట్టే క్రూరత్వానికి ప్రత్యేకంగా 498ఎ సెక్షన్ పెట్టింది కూడా ఆ 1983లోనే, సంవత్సరం చివర్లో. అంతకుముందు స్టేషన్‌కి వెళ్తే "మొగుడూ పెళ్లాల గొడవ, మీలో మీరు చూసుకోండి" అనేవారు. ఇప్పుడూ అంటారనుకోండి, కాకపోతే ఇప్పుడు కాస్త నెమ్మదిగా అంటారు.

నేనా సినిమాని మా ఆఫీసు ఆడవాళ్లతో కలిసి ఒక చిన్న గదిలో చూశాను. పదహారు ఎంఎం ప్రొజెక్టర్ కుట్టుమిషన్‌లా టకటకలాడుతోంది. పక్కన కూర్చున్నావిడతో అప్పటికి మూడేళ్లుగా ఒకే బల్ల మీద క్యారేజీ విప్పుకుని తింటున్నాను. ఆమె పచ్చడి రుచి నాకు తెలుసు, వాళ్లబ్బాయికి ఏ సబ్జెక్టు రాదో తెలుసు. సినిమా మధ్యలో నా వైపు తిరక్కుండానే "మా ఇంట్లో కూడా గడియ బయటే ఉంటుంది" అంది. అంతే. మళ్లీ తెర చూస్తూ కూర్చుంది. మూడేళ్లలో బయటికి రాని మాట ఆ చీకట్లో వచ్చింది.

ఆ రీళ్లు పాడైపోతాయేమోననుకున్నాం. బెర్లిన్‌లో అర్సెనల్ అనే ఫిల్మ్ సంస్థ వాటిని బాగుచేసి డిజిటల్ చేసింది. మన తెలుగు ఆడవాళ్ల కథ బెర్లిన్‌లో భద్రంగా ఉంది, మన దగ్గర ఎంతమందికి ఆ పేరైనా తెలుసో!

నో_టెన్షన్_నాని | సెప్టెంబర్ 4

మగాళ్ల మీద పెట్టే తప్పుడు కేసుల గురించి మాత్రం ఎవరూ డాక్యుమెంటరీ తీయరు. మా చుట్టాల్లో ఒక కుటుంబాన్ని 498ఎ పెట్టి మూడేళ్లు కోర్టు చుట్టూ తిప్పారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మని కూడా వదల్లేదు. అది హింస కాదా?

ఇంకోమాట. 'గృహహింస' అని పోస్టర్ వేస్తే ఒక్క మగాడు రాడు. రాసిపెట్టుకోండి.

లాయరమ్మ_గుంటూరు | సెప్టెంబర్ 5

నాని గారూ, మీ చుట్టాల కేసు నాకు తెలియదు కాబట్టి దాని గురించి మాట్లాడను. 498ఎ విషయంలో సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో కేసు పెట్టగానే అరెస్టు చేసేయకూడదని, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని చెప్పింది. 2024 జులై నుంచి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85కి మారింది. ఇక దాన్ని పక్కన పెడదాం, ఎందుకంటే స్వప్న తీయాల్సింది అసలు అది కాదని నా ఉద్దేశం.

స్వప్నా, ఈ అంశం మీద నేను చూసిన షార్ట్ ఫిల్ములన్నీ చేసే తప్పు ఒకటే. ఆఖరి షాట్‌లో పోలీస్ జీపు. మొగుడి చేతికి బేడీలు. దాంతో చూస్తున్న ఆడవాళ్లకి ఏమర్థమవుతుంది? నోరు తెరిస్తే జైలే, పిల్లల తండ్రిని జైల్లో పెట్టడమే. "నాకది వద్దు తల్లీ" అని ఇంటికి పోతారు.

2005 గృహహింస చట్టం (అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 26న) అలాంటిది కాదు. దాని నడక సివిల్ నడక. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు ఇస్తారు. ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా నివాస ఉత్తర్వు ఇస్తారు. ఖర్చులకి డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ, నష్టపరిహారం అడగొచ్చు. రక్షణ ఉత్తర్వుని ఖాతరు చేయకపోతే అప్పుడు జైలు, ఏడాది దాకా. కొట్టడమొక్కటే కాదు, తిట్టడం, అవమానించడం, జీతం లాక్కోవడం, ఇంటిఖర్చుకి డబ్బు ఇవ్వకపోవడం అన్నీ ఈ చట్టంలో హింసే. కొడుకు కొడుతున్న తల్లి కూడా ఈ చట్టం కింద రావచ్చు, నాని గారు చెప్పిన ముసలమ్మల కోసం ఇది చెప్తున్నా.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. అరగంట మాట్లాడాక "మీకు కోర్టు నుంచి ఏం కావాలమ్మా" అని అడిగాను. "నా బీరువా తాళంచెవి" అంది. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన బీరువా. పదకొండేళ్లుగా తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంది. తన చీర కట్టుకోవాలంటే అడగాలి. ఆ మాట విన్నాక నాకు ఈ చట్టం ఎందుకుందో ఇంకా బాగా అర్థమైంది. నువ్వు తీస్తే ఆ తాళంచెవి తియ్యి.

చట్టం రాసింది రాసినట్టు జరుగుతుందా అంటే, జరగదు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని ఉంది. అరవై రోజులు నేనెప్పుడూ చూడలేదు. ఈ కేసులు చూడాల్సిన ప్రభుత్వ అధికారులకి, అదే ప్రొటెక్షన్ ఆఫీసర్లకి, వేరే పనులు నెత్తిన బోలెడు. ఇది కూడా సినిమాలో చెప్పు. ఉత్త భరోసా ఇచ్చి పంపితే రేపు వాళ్లు మన మాట నమ్మరు.

సీతమ్మ_అంగన్‌వాడీ | సెప్టెంబర్ 7

ఆలస్యంగా చూశాను, సర్వే డ్యూటీ. నేను చెప్పేది తీయడం గురించి కాదు, చూపించడం గురించి.

రెండేళ్ల కింద ఒక సంస్థ వాళ్లు మా ఊరికి ఇలాంటి సినిమా తెచ్చారు. సాయంత్రం ఆరున్నరకి కమ్యూనిటీ హాల్లో వేశారు. ఆరున్నర అంటే పొయ్యి మీద అన్నం ఉండే టైం, బర్రెలకి పాలు పితికే టైం. అయినా వచ్చారు, నేను పిలిచానని. వెనకాల గోడకి ఆనుకుని మగవాళ్లు నిలబడ్డారు. సినిమా అయ్యింది. లైట్లు వేసి "ఎవరైనా మాట్లాడతారా" అని మైకు పట్టుకొచ్చారు. గుండుసూది పడితే వినిపిస్తుంది. చివరికి ఒకామె లేచి "ఆ పిల్ల కట్టుకున్న చీర ఎక్కడ కొన్నారండీ" అని అడిగింది. అందరూ నవ్వేశారు. సంస్థ వాళ్లు మొహం మాడ్చుకున్నారు.

కానీ నాకు తెలుసు, ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో. వెనకాల వాళ్లాయన ఉన్నాడు. ఏదో ఒకటి అడిగి ఆ గదిలోంచి అందర్నీ బయట పడేసింది.

ఆ పెన్‌డ్రైవ్ నేను అడిగి తీసుకున్నాను. తర్వాత నెల డ్వాక్రా సంఘం మీటింగ్ రోజు మధ్యాహ్నం రెండింటికి మా సెంటర్లోనే ల్యాప్‌టాప్ పెట్టి వేశాను. ఆడవాళ్లే, ఇరవై మంది. పిల్లల్ని ఆయమ్మ పక్కగదిలో ఆడిస్తోంది. పది నిమిషాలయ్యాక ఆపేశాను. తెర మీద ఆ పిల్ల తల్లి ఉంది, పుట్టింటికి వచ్చిన కూతురితో "సర్దుకుపోవాలి తల్లీ" అంటోంది. అక్కడ ఆపి, "మీరే ఆ తల్లయితే ఏమంటారు" అని అడిగాను. రెండు గంటలు మాట్లాడారు. మిగిలిన సినిమా చూడనే లేదు.

తర్వాత 181 నంబరు కాగితాలు ఇద్దామనుకుంటే ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. జాకెట్లో పెట్టుకున్నా దొరుకుతుంది కదా. ఇప్పుడు నేను మా సెంటర్ బాత్రూమ్ తలుపు లోపలి వైపు అంటించాను. అక్కడ ఒక్కరే ఉంటారు, చదువుకుని బయటికి వస్తారు.

స్వప్న_హన్మకొండ | సెప్టెంబర్ 9

మూడు రోజులుగా స్క్రిప్ట్ ముట్టుకోలేదు. ఇదంతా చదువుతూ కూర్చున్నాను. ఫ్లూట్ తీసేశాం మూర్తి సార్. పోలీస్ జీపు కూడా ఉంది మా స్క్రిప్ట్‌లో, సిగ్గుగా ఉంది, అదీ తీసేశాం.

సీతమ్మక్క చెప్పింది చదివాక మళ్లీ అదే సర్వే తెరిచాను. మేం వేద్దామనుకున్న 36.9 కన్నా పెద్ద అంకె అదే రిపోర్టులో ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సమంజసమే అన్న ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 83 మందికి పైనే. అత్తమామల్ని లెక్కచేయకపోతే, చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లలూ పట్టించుకోకపోతే, ఇలా. నేను మా అమ్మని ఊరికే అడిగాను. "మరీ ఎదురు మాట్లాడితే ఎవరికైనా చెయ్యి లేస్తుంది కదా" అంది కూరగాయలు తరుగుతూ. మా నాన్న ఎప్పుడూ అమ్మ మీద చెయ్యెత్తలేదు. అయినా అలా అంది.

అంటే దెబ్బలు తిన్నవాళ్లని చూపించి "చూడండి ఎంత బాధో" అంటే సరిపోదు. బాధ అని అందరికీ తెలుసు. అది మామూలే అనుకుంటున్నారు, అదీ చిక్కు.

అనామిక_77 | సెప్టెంబర్ 9

రాయాలా వద్దా అని ఈ పేజీ నాలుగుసార్లు తెరిచి మూశాను.

నన్ను ఒకసారి తీశారు. సంస్థ పేరు చెప్పను, మంచివాళ్లే. అప్పటికి నేను విడిగా ఉంటున్నాను. ముఖం కనిపించదన్నారు, నిజంగానే కనిపించలేదు. గొంతు మార్చారు. కానీ నా వెనక గోడకి ఒక క్యాలెండర్ ఉంది. మా వీధి చివర కిరాణా కొట్టువాళ్లు ఇచ్చింది, కొట్టు పేరు పెద్దక్షరాల్లో. మధ్యలో మా కుక్కర్ కూత. మా కుక్కర్ వెయిట్ అరిగిపోయి అదోలా, ఈల మధ్యలో ఆగి మళ్లీ వేస్తుంది. వీడియో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఆడపడుచు దగ్గరికి వెళ్లింది. ఆమె ఫోన్ చేసి "వదినా, మీ కుక్కర్ ఇంకా మార్చలేదా" అంది.

ఇంకేమీ అనలేదు. అదే మాట.

ఆ తర్వాత పది రోజుల్లో ఇల్లు మారాను. పాప స్కూలు మారింది. సంతకం అయితే పెట్టాను, నిజమే. సంతకం పెట్టిన రోజు నాకు చాలా ధైర్యంగా ఉంది. ధైర్యం రోజూ ఉండదు కదండీ. తీసేయమని అడిగితే "అందరికీ పంపేశాం, మా చేతుల్లో లేదు" అన్నారు.

స్వప్నా, నువ్వు తీయొద్దని చెప్పడం లేదు. ఆ వీడియో చూసి ఒకావిడ నాకు ఆ సంస్థ ద్వారా ఉత్తరం రాసింది, ఇంకా దాచుకున్నాను. గోడ మీద ఏముందో చూసుకుని తియ్యి అంటున్నాను.

లాయరమ్మ_గుంటూరు | సెప్టెంబర్ 10

అనామిక గారూ, రాసినందుకు థాంక్స్. ఇంకేమీ అనను.

స్వప్నా, ఒప్పందపత్రం మామూలుగా ఇంగ్లీషులో రెండు పేజీలు ఉంటుంది. అది తీసేవాళ్లని కాపాడే కాగితం. నువ్వు తెలుగులో ఒక పేజీ రాయి. మొదటి వాక్యం ఇలా ఉండాలి: "షో ముందురోజు దాకా ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, నా భాగం తీసేయమనొచ్చు." తీసింది ఆమెకి ముందు చూపించు. నెట్‌లో పెట్టేదానికి విడిగా సంతకం, హాల్లో వేసేదానికి విడిగా సంతకం. ఈ రెండూ ఒకటి కాదు. హాల్లో వేసింది ఆపగలం, నెట్‌లోకి వెళ్లింది ఎవరూ ఆపలేరు. కోర్టు హాల్లో ఏమీ తీయకండి, ఈ కేసుల్లో మేజిస్ట్రేట్ లోపలే, బయటివాళ్లు లేకుండా విచారణ జరిపే వీలుంది. టికెట్లు పెట్టో, అందరికీ తలుపులు తెరిచో వేస్తే సెన్సార్ సర్టిఫికెట్ విషయం కూడా ముందే చూసుకో.

డల్లాస్_పద్మ | సెప్టెంబర్ 11

ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు ఆడపిల్లల కోసం ఫోన్ ఎత్తే వాలంటీర్లలో నేనొకదాన్ని. నా రెండు ముక్కలు.

సినిమా చట్టాన్ని కదిలించిన సందర్భం ఒకటి మన పక్క దేశంలోనే ఉంది. షర్మీన్ ఒబైద్ చినాయ్ తీసిన 'ఎ గర్ల్ ఇన్ ద రివర్'. ప్రేమపెళ్లి చేసుకుందని తండ్రి, బాబాయి కలిసి ఒక అమ్మాయిని కాల్చి నదిలో పడేశారు. ఆమె బతికింది. బతికి కేసు పెట్టింది. తర్వాత ఊరి పెద్దల ఒత్తిడికి లొంగి క్షమించేసింది, అప్పటి పాకిస్తాన్ చట్టంలో కుటుంబం క్షమిస్తే హంతకుడు బయటికి వచ్చేయొచ్చు. 2016 ఫిబ్రవరిలో ఆ సినిమాని ప్రధాని నవాజ్ షరీఫ్ ఆఫీసులోనే వేశారు, అదే నెలలో ఆస్కార్ వచ్చింది. అక్టోబర్‌లో పార్లమెంటు ఆ సందు మూస్తూ చట్టం చేసింది. సినిమా ఒక్కటే చేసిందని నేను అనను, అక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు, జులైలో సోషల్ మీడియాలో పేరున్న కందీల్ బలోచ్ అనే అమ్మాయిని సొంత తమ్ముడే చంపడంతో దేశమంతా ఊగిపోయింది. కానీ 'క్షమించేసింది' అన్న మాట వెనకాల ఎంత బలవంతం ఉందో ఆ సినిమా చూపించింది. మన పంచాయితీల్లో 'రాజీ' అంటాం చూడండి, అదే.

రెండోది, నాకు ఫోన్ చేసే అమ్మాయిలందరినీ వాళ్ల సొంతవాళ్లే అడిగే ప్రశ్న, "మరి అన్నేళ్లు ఎందుకు ఉన్నావు?" 2014లో వచ్చిన 'ప్రైవేట్ వయొలెన్స్' అనే అమెరికన్ డాక్యుమెంటరీ ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఉన్న అమ్మాయికి ఆయన జీతం, ఆయన వీసా, ఆయన కారు. అక్కడ గుంటూరులో బీరువా తాళంచెవి, ఇక్కడ పాస్‌పోర్టు ఆయన లాకర్లో. ఏం తేడా లేదు.

పక్కపోర్షన్ | సెప్టెంబర్ 12

నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదువుతాను అంతే.

2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ 'బెల్ బజావో' అని టీవీ ప్రకటనలు తీసింది, గుర్తుందా? పక్కింట్లోంచి అరుపులు వినిపిస్తాయి. ఒకాయన వెళ్లి బెల్ కొడతాడు. తలుపు తీస్తే "కాసిని పాలుంటే ఇస్తారా" అంటాడు. అంతే. అరవడు, తిట్టడు. విన్నాం అని తెలియజేస్తాడు. చాలా నచ్చింది నాకు అప్పట్లో.

ఆ ప్రకటన చూసిన మూడేళ్లకి మేం అద్దెకున్న ఇంట్లో పక్క పోర్షన్లో కొత్త జంట దిగింది. మధ్యలో గోడ నాలుగంగుళాలు, ఆయన తుమ్మితే మాకు వినిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మొదలయ్యేది. ముందు గిన్నె పడ్డ చప్పుడు. తర్వాత మాటలుండవు. అదే భయం, మాటలుండకపోవడం. నేను రిమోట్ తీసి సీరియల్ సౌండ్ పెంచేవాణ్ణి. మా ఆవిడ నా వైపు చూసేది, నేను టీవీ వైపు చూసేవాణ్ణి. పధ్నాలుగు నెలలు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఏమయ్యారో తెలియదు.

మా వీధిలో ఎవరికీ బెల్ లేదు, తలుపు తట్టడమే. అది సాకు కాదు. స్వప్న గారూ, ఎవరైనా ఇది తెర మీద చెప్పాలంటే నేను చెప్తాను. నా ముఖం చూపించుకోవచ్చు. నాకేం ఇల్లు మారే అవసరం లేదు కదా.

మైక్_మూర్తి | సెప్టెంబర్ 12

స్వప్నా, నీ సినిమా ఇదేనమ్మా. దొరికింది. ఆ నాలుగంగుళాల గోడ.

నో_టెన్షన్_నాని | సెప్టెంబర్ 13

నా అభిప్రాయం నాదే, మార్చుకోను. కానీ పక్కపోర్షన్ గారు రాసింది చదివాను. మగాళ్లు రావాలంటే పోస్టర్ మీద 'గృహహింస' వద్దు. 'పక్కింటి గొడవ' అని పెట్టండి. పక్కింటి గొడవ అంటే మా ఊళ్లో చెప్పులు కూడా వేసుకోకుండా వస్తారు.

స్వప్న_హన్మకొండ | అక్టోబర్ 20

షూటింగ్ అయిపోయింది. బాధితుల ఇంటర్వ్యూలు అయిదు కాస్తా ఒకటయ్యాయి, అదీ గొంతు కాదు, మాటలు మాత్రమే. మిగతా అంతా విన్నవాళ్లే. పక్కింటివాళ్లు ముగ్గురు. ఒక ఆటో డ్రైవర్, రాత్రి పదకొండుకి ఒకామెని పిల్లతో సహా పుట్టింటికి తీసుకెళ్లి, పొద్దున్నే మళ్లీ అదే ఇంటికి తెచ్చి దింపిన మనిషి. ఒక టైలర్, జాకెట్ కొలతలు తీసేటప్పుడు భుజం మీద మచ్చలు చూసి "చేతులు కాస్త పొడుగు పెట్టమంటారా" అని అడిగేదట, అంతకుమించి అడిగేది కాదు. మా అమ్మ కూడా ఉంది. కూరగాయలు తరుగుతూ నాతో అన్న మాటే కెమెరా ముందు అంది. తర్వాత ఎడిటింగ్‌లో చూసి, "నేనిలా అన్నానా" అని అడిగింది. తీసేయమంటావా అన్నాను. ఒక రోజంతా ఆలోచించి ఉంచెయ్యి అంది.

గోడలన్నీ చెక్ చేశాం అనామిక గారూ. క్యాలెండర్లు, రేషన్ కార్డు నంబర్లు, బండి నంబర్లు, స్కూలు బ్యాగుల మీద పేర్లు. ఒక షాట్‌లో కుక్కర్ ఉంది, మూర్తి సార్ ఫోన్లో విని ఆ కూత తీయించేశారు.

పేరు 'పక్కింటి గొడవ'. నాని గారికి తెర మీద థాంక్స్ వేశాం, కోప్పడకండి.

స్వప్న_హన్మకొండ | నవంబర్ 24

రేపే షో. నిద్ర పట్టడం లేదు. ఇంకో సంగతి. మాటలు ఇచ్చిన ఆవిడ సాయంత్రం ఫోన్ చేసి తీసేయమన్నారు. కారణం అడగలేదు. రెండు నిమిషాల పది సెకన్లు. మా ఎడిటర్ ఏడుపొక్కటే తక్కువ. అక్కడ ఏమీ పెట్టలేదు. తీసేసి అతికించాం. ఇప్పుడది పద్దెనిమిది నిమిషాల సినిమా.

సీతమ్మ_అంగన్‌వాడీ | డిసెంబర్ 2

మా సెంటర్లో నిన్న వేశాం. మధ్యాహ్నం రెండింటికే. టైలరమ్మ మాట దగ్గర ఆపాను. మా ఊరి టైలరమ్మ కూడా కూర్చుని ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు, ఆమే అందరి వైపూ చూసింది. మళ్లీ నెల మీటింగ్‌కి మిగతాది వేస్తాను. పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంచుకుంటాను స్వప్నా, ఏమనుకోకు.

అనామిక_77 | డిసెంబర్ 8

నాలుగు షోల్లో ఒకదానికి నేను కూడా వెళ్లాను. ఏ ఊరో చెప్పను. వెనక వరసలో కూర్చున్నాను. ఇప్పుడు నేనుండే వీధిలోని ఒక పెద్దావిడ నా పక్కనే కూర్చుంది, పల్లీల పొట్లం తెచ్చుకుంది, ఇద్దరం తింటూ చూశాం. ఆ పక్క పోర్షన్ ఆయన టీవీ సౌండ్ పెంచానని చెప్తున్నప్పుడు ఆవిడ నమలడం ఆపేసింది.

అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటూ నాతో అంది, "మన వీధిలో ఇలాంటివి లేవులే అమ్మాయ్, ఉంటే నాకు తెలియదూ?"

మిగిలిన పల్లీలు ఆవిడ చేతిలో పోసి, ఆవిడ చెప్పులు వెతికిచ్చాను. ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికొచ్చాం.